పెద్ద మీటరు, చిన్న మీటరు

రూతు కరెంటు దొంగిలిస్తోంది. ఈ విషయంలో ప్రభుదాసుకు అనుమానం లేదు. అనుమానం ఉన్నవాడు పదిమందిని అడుగుతాడు. అతను ఎవరినీ అడగలేదు, చెప్పాడు. మొదట బీటుబజారులో పప్పుల షావుకారు రాంచందర్‌కు చెప్పాడు. తరువాత చర్చి వసారాలో సంఘం పెద్ద సుందర్ రావు సారుకు చెప్పాడు. తన సొమ్ము పోయిందని ఏడవలేదు. మీటరు అబద్ధమాడదని మాత్రం అన్నాడు.

దేశాయిపేటలో అతని ఇల్లు రెండు వాటాలు. ముందు వాటాలో తానుంటాడు. వెనక వాటాలో దవాఖానలో ఆయాగా పనిచేసే రూతు, ఆమె తల్లి హన్నమ్మ కిరాయికి ఉంటారు. వరండా గోడకు చెక్కపలక మీద రెండు మీటర్లు పక్కపక్కనే ఉన్నాయి. పెద్దది ఇల్లంతటి వాడకాన్ని చూపిస్తుంది. చిన్నది రూతు వాటాలో కాలినదాన్ని మాత్రమే చూపిస్తుంది. పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తీసేస్తే మిగిలేది ప్రభుదాసు వాడకం కావాలి. కాని మిగిలేది ఒంటి మనిషి వాడకంలా లేదు. అతనికి ఉన్నది ఒక లైటు, ఒక ఫ్యాను, ఒక రేడియో. వాటికి అంత కాలదు. అంటే రెండు మీటర్లకూ నడుమ ఎక్కడో తీగ తగిలించి, చిన్న మీటరుకు చిక్కకుండా రూతు వాడుకుంటోంది.

ఆ బుధవారం పొద్దున కూడా చూశాడు. రూతు డ్యూటీకి పోయింది. ప్రభుదాసు లైటు ఆర్పాడు, ఫ్యాను ఆపాడు, రేడియో తీగ గోడలోంచి పీకాడు. పీట తెచ్చుకుని మీటర్ల ముందు కూర్చున్నాడు. అద్దం వెనక ఒక్కో మీటరులో ఒక్కో అల్యూమినియం చక్రం, దాని అంచున ఎర్ర గీత. చిన్న మీటరు చక్రం కదలడం లేదు. పెద్ద మీటరు చక్రం కదులుతోంది. గర్భిణీ స్త్రీ మెట్లెక్కినట్టు, ఆగిందా అనిపిస్తూ, ఆగకుండా. ఎర్ర గీత మెల్లగా వెనక్కి పోయి కనుమరుగైంది. అతను చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఎదురుచూశాడు. చాలాసేపటికి గీత మళ్లీ ముందుకు వచ్చింది.

"వచ్చినవా," అన్నాడు.

ఆ పొద్దున అతను నోరు తెరిచి అన్న మొదటి మాట అది.

లేచి లోపలికి పోయాడు. లోపలి గదిలో చనిపోయిన భార్య ఏసమ్మ ఫొటో పక్కన జీరో బల్బు వెలుగుతోంది. దానికి స్విచ్ లేదు, పెట్టించేటప్పుడే వద్దన్నాడు. ఫొటో గోడకు ఎక్కించిన రోజు ప్రార్థనకు వచ్చిన చర్చి అయ్యగారు ఆ వెలుగు చూసి ముఖం చిన్నబుచ్చుకున్నారు. "పోయినోళ్ల ముందట దీపం పెట్టుడు మన పద్ధతి కాదు గద ప్రభుదాసూ," అన్నారు. "దీపం కాదయ్యగారూ, జీరో బల్బు," అన్నాడు ప్రభుదాసు. అయ్యగారు కాసేపు ఆలోచించి, జీరో అయితే సరేలే అన్నారు. ఆ మాట అక్కడితో అయిపోయింది.

సంచీలో ఆకురాయి, పట్టకారు, సీసపు ముక్కలు వేసుకుని ప్రభుదాసు పనికి బయలుదేరాడు.

*

అతని పని తరాజులు సరిచేయడం. బజారులో ఏ దుకాణంలో ముల్లు ఒక పక్కకు ఒరిగినా అతన్నే పిలుస్తారు. పిలవకపోయినా ఏడాదికొకసారి తనిఖీ అధికారి ముద్ర వేయడానికి వచ్చే ముందు పిలవక తప్పదు. పిలిచి, అతను పోయేదాకా ఇబ్బంది పడుతూ ఉంటారు.

రాంచందర్ దుకాణంలో కందిపప్పు బస్తాల నడుమ దూలానికి తరాజు వేలాడదీసి, కింద గోనెపట్టా మీద కూర్చున్నాడు. ఏ తరాజునైనా అతను మొదట ఖాళీగానే చూస్తాడు. పళ్లేల్లో ఏమీ లేనప్పుడు ముల్లు నిటారుగా నిలబడకపోతే, ఆ తరువాత ఎన్ని తూకపు బాట్లు వేసి చూసినా దండుగ. ముల్లు ఎడమకు ఒరిగింది. గొలుసులు చూశాడు. కడ్డీ మధ్యన, అది ఆని ఊగే కత్తి అంచును గోటితో తడిమాడు, అరగలేదు. పళ్లెం తిరగేసి అడుగున వేలితో రుద్దాడు. నల్లగా జిగురు అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"చింతపండు," అన్నాడు.

"అంటుకున్నదేమోనయ్యా," అన్నాడు రాంచందర్, గల్లా మీదినుంచి కదలకుండా. "దుకాణమన్నంక అన్ని ఉంటయి."

"అంటుకోలే. అంటించిండ్రు."

"గుమాస్తాగాడు అంటించిండో, ఎవడో. నువ్వు జర కడిగెయ్."

"కడుగుడు నా పని గాదు. నీది."

రాంచందర్‌కు నవ్వొచ్చింది. ప్రభుదాసు దగ్గర ఎవరికైనా రెండే దారులు: నవ్వడం, తిట్టడం. "నీ కండ్లల్లనే కాటా ఉన్నదయ్యా. సరే గని, నీ కరెంటు దొంగ ముచ్చట ఏమాయె? పట్టుకున్నవా?"

"శనివారం సారు వస్తాండు. కండ్లార చూస్తడు."

"దొంగిలించిన కరెంటుతోని ఏం చేస్తాంది ఆమె? ఇస్త్రీ దుకాణం పెట్టిందా?"

"ఏం చేస్తె నాకేంది. తీసుకున్నదా లేదా, అంతే."

"పోనీ వదిలెయ్యరాదు. నీకు పిల్లా జెల్లా ఎవలున్నరు. తల్లీబిడ్డలుంటె ఇల్లు సప్పుడన్న అయితది."

ప్రభుదాసు పళ్లెం అతని చేతికిచ్చాడు. "కడుక్కరా," అన్నాడు.

తల్లీకూతుళ్లు ఉంటే ఇంట్లో సప్పుడవుతుందన్న మాట అబద్ధం కాదు. పొద్దున హన్నమ్మ గొంతు సవరించుకుని పాడే కీర్తన, రూతు బకెట్టు నేలకు దించిన మోత, సాయంత్రం పోపు చిటపటలు గోడ దాటి వస్తాయి. ఏసమ్మ పోయాక ఆ ఇంట్లో మనిషి చప్పుడు అంటే అదే. వాటి కోసం చెవి ఒగ్గుతున్నానని ప్రభుదాసు ఒప్పుకోడు. ఒప్పుకున్నా తూకం తూకమే. ఇష్టమైన షావుకారని తరాజుకు తప్పుడు ముల్లు బిగించలేడు గదా.

*

గురువారం సాయంత్రం రూతు గిన్నె మీద మూతపెట్టి తెచ్చింది. వరండా మెట్టు కిందనే నిలబడింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. డ్యూటీలో కట్టిన తెల్లచీర ఇంకా మార్చుకోలేదు.

"గోంగూర, పెద్దబాపు. అమ్మ పంపింది."

"వద్దని చెప్పిన గద."

"చెప్పినవు. అయినా పంపింది. నేనేం చెయ్యాలె?" గిన్నె మెట్టు మీద పెట్టింది. పోలేదు. "శనివారం సుందర్ రావు సారు వస్తాండట."

"వస్తాండు. నువ్వు ఒప్పుకుంటె ఆయన కాళ్లు నొప్పించుకునే పని లేదు."

"ఏం ఒప్పుకోవాలె?"

"తీగ ఎక్కడ తగిలించినవో చూపియ్. తీసెయ్యి. నేనే సారుకు చెప్త, అయిపోయిందని."

రూతు చూపు అతని భుజం మీదుగా, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలి గదిలోకి పోయింది. అక్కడే కొద్దిసేపు నిలిచింది. తరువాత కొంగు సర్దుకుంది.

"నేనైతె తియ్యలే," అంది.

"పోయిన బల్లకు గూడ ఇదే మాటన్నవు."

"అప్పుడు తియ్యలే, ఇప్పుడు తియ్యలే. మాట మారిస్తె ఎట్ల."

పోయిన నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభు బల్ల దగ్గరికి వరసలు లేచినప్పుడు, సంగతి తేలేదాకా రావద్దని సుందర్ రావు సారు రూతుతో మెల్లగానే చెప్పాడు. మెల్లగా చెప్పినా అందరూ విన్నారు. ఆమె బెంచీ మీద తలవంచి కూర్చుండిపోయింది. పక్కనే హన్నమ్మ కూడా లేవలేదు. ఈ శనివారం సారు వచ్చి చూసి అవునంటే, రూతు పేరు సంఘం నుంచి తీసేస్తారు. ఆమె పనిచేసేది మిషను దవాఖాన. సంఘం పెద్ద చిట్టీ రాసిస్తే వచ్చిన కొలువు అది. పేరు పోయాక కొలువు నిలవదు. ఆ సంగతి తల్లీకూతుళ్లకు తెలుసు, సారుకు తెలుసు. ప్రభుదాసుకు కూడా తెలుసు.

"మరి సారు ముందట చెప్పుకో," అన్నాడు.

"ఏం చెప్పుకుంట. సారు వచ్చి చూస్తడు, తిరిగేది తిరుగుతనే ఉంటది." రూతు వెనుదిరిగింది. రెండడుగులు వేసి ఆగింది. "గోంగూర వేడి మీద తిను. చల్లారితె నీకు నచ్చదు."

ఏసమ్మ కూడా ఆ మాటే అనేది. ప్రభుదాసు గిన్నె ముట్టుకోలేదు. చీకటి పడ్డాక పిల్లి మూత పడేసింది.

*

శుక్రవారం అతను పనికి పోలేదు. సుందర్ రావు సారు స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఊరికే చక్రం తిరుగుతోందంటే ఒప్పుకోడు. నీ వాటాలోనే ఏదైనా కాలుతోందేమో అంటాడు. ఆ మాటకు తావు లేకుండా చేయాలి. రెండు పళ్లేలూ ఖాళీ చేసి చూపించాలి.

మీటర్ల కింద రెండు తెల్ల పింగాణి ఫ్యూజులున్నాయి. ఎడమది తన వాటాకు, కుడిది రూతు వాటాకు. తన ఫ్యూజు పీకేస్తే తన వాటాలో కరెంటన్నదే ఉండదు. అప్పుడు కూడా పెద్ద మీటరు తిరిగితే, సారైనా ఎవరైనా ఇంకేం మాట్లాడతారు. ఒకసారి చేసి చూసుకుంటే మంచిదనుకున్నాడు. పెద్దమనిషి ముందు తడబడకూడదు.

రూతు డ్యూటీకి పోయింది. వెనక దొడ్లో హన్నమ్మ చాటలో బియ్యం ఏరుకుంటోంది. ప్రభుదాసు చేతులు తుడుచుకుని, తన ఫ్యూజును రెండు వేళ్లతో పట్టి లాగాడు. పీట మీద కూర్చుని అద్దంలోకి చూశాడు.

ఎర్ర గీత ముందుకు వచ్చి నిలబడి ఉంది. అది పక్కకు జరగడానికి ఎంతసేపు పడుతుందో అతని ఒంటికి తెలుసు. అంతసేపు చూశాడు. ఇంకా చూశాడు. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. గీత జరగలేదు.

ఫ్యూజు మళ్లీ పెట్టాడు. గీత కదిలింది. తీశాడు, ఆగింది. తన ఫ్యూజు పెట్టి, ఈసారి రూతు ఫ్యూజు పీకాడు. గీత హాయిగా కదిలిపోతోంది.

రూతు ఫ్యూజు తిరిగి పెట్టి ప్రభుదాసు లేచాడు. నడుము పట్టేసినట్టయింది. లోపలికి పోయి లైటు స్విచ్ చూశాడు. ఆర్పే ఉంది. ఫ్యాను రెక్కను చేత్తో పట్టుకుని చూశాడు. రేడియో తీగ నేల మీద పడి ఉంది. తీగ వెంబడి గోడ తడుముకుంటూ లోపలి గదిలోకి వచ్చాడు. అక్కడ ఏసమ్మ ఉంది, జీరో బల్బు ఉంది.

జీరో అంటే సున్నా. అతను ఊరి బడిలో అయిదు దాకా చదివాడు. సున్నాను దేనిలో కలిపినా పెరగదని పలక మీద రాసి దిద్దుకున్నాడు. బజారులో బల్బుల దుకాణం గోపాల్ దాన్ని చేతికిచ్చినప్పుడు అదే అన్నాడు: దీనికేం కాలదు, పేరే జీరో. ఊళ్లో అందరూ అదే అంటారు. ప్రభుదాసు చేయి ఎత్తి బల్బును పట్టుకున్నాడు. వెంటనే వదిలేశాడు. వేళ్లు చురుక్కుమన్నాయి.

వేళ్లను తొడకు ఒత్తుకుంటూ నిలబడ్డాడు. కాలనిది కాల్చదు. ఆ మాత్రం తెలియడానికి బడికి పోనక్కరలేదు.

తువ్వాల తడిపి చుట్టి బల్బు ఊడదీశాడు. వరండాలోకి వచ్చి చూశాడు. రెండు ఫ్యూజులూ పెట్టే ఉన్నాయి. ఎర్ర గీత సగం దారిలో ఆగిపోయి ఉంది. అతను పీట మీద కూర్చోలేదు. గోడకు ఒక చేయి ఆనించి, చాలాసేపు దాన్నే చూశాడు.

దొడ్లోంచి హన్నమ్మ గొంతు వచ్చింది. కిటికీలోంచి ఆమెకు లోపలి గది కనిపిస్తుంది. "అన్నా, వదిన కాడ దీపం పోయినట్టున్నది."

ప్రభుదాసు దొడ్లోకి నడిచాడు. "పోలే. తీసిన."

"ఎందుకు?"

"అదే తింటాంది కరెంటు."

హన్నమ్మ చేతులు ఆగలేదు. ఒక రాయి తీసి పక్కన పడేసింది. "అయితె ఎరుకైందన్నట్టు," అంది.

"నీకెట్ల ఎరుక?"

"రూతు చెప్పింది. దవాఖానల జీరో దీపం మార్చబోతె వేలు కాలిందట. పేరుకే జీరోనమ్మా, ఇది గూడ తింటదని వైరు పని చేసెటాయన నవ్విండట. ఇంటికొచ్చి నాకు చెప్పింది."

"ఎప్పుడు?"

"ఎండకాలంల."

అతను రూతును దొంగ అన్నది వానలు పడ్డాక. హన్నమ్మ బియ్యం చెరుగుతూ, "నేను చెప్తనంటె వద్దన్నదన్నా. నా మీద ఒట్టు పెట్టింది," అంది.

*

రూతు వచ్చేసరికి ప్రభుదాసు దొడ్లో నల్లా దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె కాళ్లు కడుక్కోవడానికి వంగబోయి, అతన్ని చూసి ఆగింది.

"జీరో బల్బు సంగతి నీకు ఎరుకేనా?"

"అమ్మ చెప్పిందా?"

"అడిగినదానికి చెప్పు."

"ఎరుకే."

"మరి నోరెందుకు మూసుకున్నవు?"

"చెప్తె తీసేస్తవు గద."

"తీసేస్త. తీసేసిన."

"అందుకే చెప్పలే."

నల్లా కింద బకెట్టు నిండి పొర్లుతోంది. ఇద్దరిలో ఎవరూ నల్లా కట్టలేదు.

"నిన్ను దొంగవన్న. నలుగుర్ల అన్న."

"అన్నవు."

"అప్పుడన్న చెప్పద్దా?"

"అప్పుడెట్ల చెప్పాలె? దొంగతనం మీద పడంగనె పెద్దమ్మ దీపం మీదికి నూకిందనుకుందువు. నువ్వే చూసుకుంటవనుకున్న. రోజు మీటరు కాడనే కూసుంటవు." రూతు వంగి నల్లా కట్టింది. "పెద్దమ్మ మా వార్డుల ఉన్నప్పుడు చీకటైతె భయపడేది. దీపం తియ్యద్దు బిడ్డా అని నా చెయ్యి పట్టుకునేది. తీసే మాట నా నోటెంట ఎట్లొస్తది."

ఏసమ్మకు చీకటంటే భయమని ప్రభుదాసుకు తెలియదు. ఒక్క కప్పు కింద ఇన్నేళ్లుండి ఆమె అతనితో ఆ మాట అనలేదు. ఒక ఆయాతో అంది.

అతనికి కోపం వచ్చింది. కోపం ఎవరి మీదో తనకే తేలలేదు. బజారులో ఒక బాటు తప్పని తెలిసి కూడా నోరు విప్పని వాడిని, ఆ బాటుతో తూచినవాడికన్నా తక్కువ దోషిగా చూడడు అతను. ఈ పిల్ల నోరు విప్పలేదు. దొంగతనం చేసి ఉంటే ఏదో ఒకరోజు క్షమించేవాడేమో. తప్పుడు బాటు చేతిలో పట్టుకుని ఇన్నాళ్లు తనను ఊరంతా తిరగనిచ్చింది, జాలిపడి. ఆ జాలిని ఏ పళ్లెంలో వేయాలో అతనికి తెలియలేదు.

"నా మీద జాలిపడమని నిన్ను ఎవలడిగిండ్రు," అన్నాడు.

"నీ మీద కాదు పెద్దబాపు," అంది రూతు. బకెట్టు ఎత్తుకుని లోపలికి పోయింది.

*

శనివారం సుందర్ రావు సారు గొడుగు పట్టుకుని వచ్చాడు. ప్రభుదాసు కుర్చీ వేయలేదు. మెట్టు మీదనే నిలబెట్టి మాట్లాడాడు.

"చూసేటందుకు ఏం లేదు సార్. ఆ పిల్ల తియ్యలే."

"తియ్యలేదా? నెల నుంచి తీసింది తీసింది అంటివి గదయ్యా. ఎట్ల తెలిసింది?"

"చూసుకున్న."

"మరి నడుమ పోయిన కరెంటు ఏమైంది?"

సారు మీటర్ల వైపు చూశాడు. రెండు చక్రాలూ ఆగి ఉన్నాయి. "ఏమైందో చెప్పకపోతె జనం ఒప్పుకోరు ప్రభుదాసూ. ఇంటాయన, కిరాయిదారు లోపల్లోపల కలిసిపోయిండ్రంటరు. ఆ పిల్ల మీది మచ్చ పోదు."

"రేపు చర్చిల చెప్త."

"ఏం చెప్తవు?"

"రేపు."

ఆదివారం చర్చిలో వాక్య ప్రసంగం అయిపోయాక, బల్ల మీద తెల్లగుడ్డ తీయబోయే ముందు, ప్రభుదాసు మగవాళ్ల వరసలోంచి లేచి నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. అయ్యగారి చేయి గుడ్డ మీదనే ఆగింది.

"రూతు కరెంటు తియ్యలే," అన్నాడు. "కాలింది నా ఇంట్లనే. నేను తప్పు తూకం చెప్పిన."

ఆ తరువాత ఇంకేమైనా అంటాడని అందరూ చూశారు. క్షమాపణ అంటారు కదా, అది. అతను కూర్చున్నాడు. వరసలు కదిలాయి. ఆడవాళ్ల వరసలోంచి రూతు తల మీద కొంగు వేసుకుని, తల్లి మోచేయి పట్టుకుని బల్ల దగ్గరికి నడిచింది. మోకరించింది. ప్రభుదాసు వరస లేచినప్పుడు అతను కాళ్లు పక్కకు జరిపి దారిచ్చాడు. తాను లేవలేదు. అయ్యగారు ఒకసారి అటు చూసి, బల్ల మీది గిన్నెకు మూత పెట్టేశారు.

ఆ వారంలోనే రూతు దవాఖాన వెనక క్వార్టర్లలో గది చూసుకుంది. ఆ మాట చెప్పడానికి మెట్టు దాకా వచ్చింది.

"దొంగ అనిపించుకున్న ఇంట్ల నిద్ర పడుతలేదు పెద్దబాపు. తప్పని నువ్వే చెప్పినవు. అయినా పడుతలేదు."

ఉండమని అతను అనలేదు. ఆ మాట గొంతు దాకా వచ్చిందో లేదో అతనికే తెలియాలి. రిక్షాలో ట్రంకుపెట్టె, చాట, చుట్టిన పరుపు ఎక్కించారు. పరుపు జారుతోంది. ప్రభుదాసు లోపలికి పోయి తరాజులు వేలాడదీసే తాడు తెచ్చి రిక్షావాడికిచ్చాడు.

"గట్టిగ కట్టు," అన్నాడు.

హన్నమ్మ రిక్షా ఎక్కుతూ ఏదో అనబోయింది. రూతు ఆమె చేయి నొక్కింది. "పోయొస్త పెద్దబాపు," అంది.

"ఊఁ."

రిక్షా మలుపు తిరిగింది. ప్రభుదాసు వెనక వాటా తలుపుకు గొళ్లెం పెట్టాడు. సాయంత్రమైనా లైటు వేయలేదు. గోడకు అటువైపు ఏ చప్పుడూ లేదు. కాసేపు విన్నాడు, తరువాత వినడం మానేశాడు.

మరి కొన్నాళ్లకు రాంచందర్ దుకాణంలో బాట్ల అడుగున సీసం నింపుతూ కూర్చున్నాడు. కరిగిన సీసం గుంతలో పోసి, చల్లారేదాకా ఊదకుండా చూడాలి. ఊదితే పైన పొర కట్టి లోపల డొల్ల మిగులుతుంది. రాంచందర్ వక్క నోట్లో వేసుకున్నాడు.

"చర్చిల ఏదో అన్నవట. ఏమయ్యా, దొంగ నీ ఇంట్లనే దొరికిందా?"

ప్రభుదాసు చేతిలోని గరిటె కదలలేదు. సీసం గట్టిపడే దాకా చూశాడు. ఆకురాయి తీసి అంచు అరగదీశాడు. బాటును పళ్లెంలో పెట్టాడు.

"షావుకారూ, ఆ ముచ్చట ఇంకోపారి ఎత్తితె నీ తరాజు ఇగ ముట్టను," అన్నాడు.

రాంచందర్ నవ్వబోయి, అతని ముఖం చూసి ఊరుకున్నాడు. తరువాత బజారులో, చర్చిలో, ఇంటి ముందు, ఎందరో అడిగారు. వాళ్లతో ప్రభుదాసు ఆ మాత్రం కూడా అనలేదు.